మాట్లాడని ఎడమ రెక్క

శనివారం పొద్దున కెటిల్ ఫోర్డ్ విమానాల మైదానంలో ఎవరి పని వాళ్ళది. ఒకరు ఇంజను విప్పుతుంటారు, ఒకరు రేకు గీకుతుంటారు, మిగిలిన నలుగురూ కాఫీ కప్పులు పట్టుకుని పక్కవాడి పనిలో తప్పులు వెతుకుతుంటారు. అమెరికా ఉత్తరాన ఉన్న విస్కాన్సిన్‌లో చలికాలం ఒక పట్టాన వదలదు. ఆవులూ జున్నూ మంచూ తప్ప వేరే కాలక్షేపం లేని మగాళ్ళు పెట్టెల్లో ముక్కలుగా వచ్చే విమానాలు తెప్పించుకుని, రేకుల షెడ్లలో ఏళ్ళ తరబడి బిగించుకుంటూ కూర్చుంటారు. పెళ్ళాలు మొదట్లో తిట్టిపోస్తారు. ఆ తర్వాత వాళ్ళే వచ్చి దిమ్మ పట్టుకుంటారు.

రేకుల్ని కలిపే మేకులాంటి రివెట్ కొట్టడం ఇద్దరి పని. రేకు బయటి నుంచి ఒకరు గన్నుతో దడదడలాడిస్తుంటే, లోపలి నుంచి ఇంకొకరు అరచేతిలో ఇమిడే ఇనుప దిమ్మను రివెట్ తోకకు ఆనించి పట్టుకోవాలి. దిమ్మ పట్టేవాళ్ళకు ఓపిక ఉండాలి, గన్ను పట్టేవాళ్ళకు మర్యాద ఉండాలి. ఈ రెండూ లేని దంపతులు సగంలో కిట్ అమ్మేసుకుంటారు, అది ఆ మైదానంలో మామూలే.

ఇంకో సంగతి కూడా ఉంది గానీ, దాన్ని అక్కడెవరూ ఒక సంగతిగా చూడరు. ఆ జిల్లాలో లోహాన్ని బిగించే వేళ పలికిన మాట ఆ లోహంలోనే ఉండిపోతుంది. ఒక రివెట్ కొట్టింది మొదలు తర్వాతి రివెట్ కొట్టేదాకా పక్కన ఏం మాట్లాడితే అదంతా ఆ మొదటి దాంట్లో నిలుస్తుంది. వేలి కణుపుతో తడితే చాలు, వినిపిస్తుంది. అందుకని పని చేసేటప్పుడు జనం కాస్త నోరు అదుపులో పెట్టుకుంటారు. ఎల్డన్ మున్సన్ విమానం తోకలో ఓ ఆదివారం ఫుట్‌బాల్ ఆట గురించి అతను తిట్టిన బూతులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మనవరాళ్ళు వస్తే ఆ తోక మీద దుప్పటి కప్పుతాడు. పాస్టరు గారి విమానం నిండా కీర్తనలే, కానీ ఇంజను పక్కనున్న ఒక్క రివెట్ మీద మాత్రం ఆయన ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు.

వెండెల్, మార్లిస్‌ల విమానం కుడి రెక్క వాళ్ళిద్దరూ కలిసి కొట్టిందే. పాలు పితికే యంత్రాలు బాగుచేసి బాగుచేసి రిటైరైన వెండెల్ గన్ను పట్టాడు. బడి వంటగదిలో జీవితమంతా గరిటె తిప్పిన మార్లిస్ దిమ్మ పట్టింది. ఆ రెక్కను ఎక్కడ తట్టినా ఒక చలికాలం కాపురం వినిపిస్తుంది. రాత్రికి బంగాళదుంపలా, మాంసమా, పక్కింటి కుక్క మళ్ళీ చెత్త డబ్బా పడేసింది, కొంచెం ఎడమకి జరుపు, నీ ఎడమ కాదు నా ఎడమ, వెండెల్ శ్రుతి లేని పాట, ఇక చాల్లే అన్న మార్లిస్ నవ్వు.

ఎడమ రెక్క సంగతి వేరు. శరత్కాలంలో మార్లిస్ అక్క డులూత్‌లో మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుంది. మార్లిస్ వెళ్ళి ఆమెకు వండిపెట్టి, స్నానం చేయించి, ఆమె నడవడం మొదలుపెట్టాక తిరిగొచ్చింది. వచ్చేసరికి ఎడమ రెక్క పూర్తిగా మూసేసి ఉంది.

"ఎవరు సాయం పట్టారు?" అని అడిగింది.

"ఎవరూ లేరు, నేనే చేశాను" అన్నాడు వెండెల్, రేకు మీద లేని దుమ్ము తుడుస్తూ.

ఒక చలికాలమంతా ఆ పని చేసిన మనిషి మార్లిస్. చివరి రేకు మూసేటప్పుడు లోపలికి భుజం దాకా చెయ్యి దూర్చి, తల పక్కకు వాల్చి, కంటికి కనపడని రివెట్‌ని వేళ్ళతో వెతుక్కుంటూ దిమ్మ పట్టాలి. అప్పుడు బయట గన్ను పట్టే చెయ్యి వేరొకరిది కావాల్సిందే. రెండు మీటర్ల చేతులున్నవాడికి కూడా అది ఒంటరిగా అయ్యే పని కాదు. అంటే ఎవరో పట్టారు. పట్టినవాళ్ళ పేరు చెప్పడానికి మొగుడికి నోరు రావడం లేదు.

వెండెల్ ఇంటికెళ్ళాక ఆమె ఎడమ రెక్కను తట్టి చూసింది. ఏమీ లేదు. పక్కది తట్టింది, ఏమీ లేదు. వరసంతా తడుముతూ పోయింది. ఒక దగ్గు లేదు, ఒక తుమ్ము లేదు, ఊపిరి చప్పుడు తప్ప మరేమీ లేదు. ఇద్దరు మనుషులు ఒక రెక్క మొత్తం కొట్టి ఒక్క మాటైనా మాట్లాడుకోలేదంటే, అది మాట్లాడటానికి ఏమీ లేకపోవడం వల్ల కాదు. ఆ సంగతి కెటిల్ ఫోర్డ్‌లో ఎవర్నడిగినా చెబుతారు.

ఆ తర్వాత మార్పులు మొదలయ్యాయి. కిట్‌తో వచ్చిన నక్షా ప్రకారం విమానం నడిపేవాడు ఎడమవైపు కూర్చుంటాడు, కుడివైపు కూర్చునేవాళ్ళకు విమానం తిప్పే కర్ర ఒకటి మాత్రం ఉంటుంది, అదీ సరదాకి పట్టుకోవడానికి. వెండెల్ కుడివైపు కూడా బ్రేకులు పెట్టాడు. ఇంజను వేగం పెంచే పిడి ఇంకొకటి తెచ్చి అటు బిగించాడు. మీటలన్నీ విప్పి మధ్యలోకి జరిపాడు. నక్షాలో ఉన్నట్టు కట్టుకోరా, ఊరికే బరువు పెంచుకుంటున్నావు అని మైదానమంతా పోరింది. అలా పోరడం వాళ్ళకు అలవాటు, వినకపోవడం కట్టేవాడికి అలవాటు. విచిత్రమేమిటంటే, ఎప్పుడూ అందరికంటే ఎక్కువ సణిగే ఎల్డన్ ఈసారి కిమ్మనలేదు. మార్లిస్ అతని షెడ్డుకెళ్ళి, "కుడివైపు అవన్నీ దేనికి ఎల్డన్?" అని అడిగితే, కాఫీలో ఈగ పడినట్టు కప్పులోకి చూస్తూ, మొగుణ్ణే అడుగు అన్నాడు.

మొగుణ్ణి అడిగింది. ఉంటే మంచిదే కదా అన్నాడు. ఆ సీట్లో కూర్చునేది ఎవరని అడిగింది.

"ఎవరైనా కూర్చోవచ్చు" అన్నాడు.

ఆ ఎవరైనా ఎవరో ఆమెకు తొందరలోనే తెలిసింది. ఒక మధ్యాహ్నం వేడి సూపు పట్టుకుని షెడ్డుకి వెళ్తే, కుడి సీట్లో ట్రూడీ కూర్చుని ఉంది. మైదానంలో పెట్రోలు పంపు చూసేదీ, కుర్రకారుకి విమానం నడపడం నేర్పేదీ ఈ ట్రూడీయే. యాభై దాటినా ఒంటరిది, ఎవరికీ భయపడని మనిషి. సీటు కింద మందపాటి స్పాంజి వేసి ఎత్తు పెంచారు. ట్రూడీ కాళ్ళు చాపి బ్రేకులు తొక్కుతుంటే, వెండెల్ మోకాళ్ళ మీద కూర్చుని పెడల్ ముందుకూ వెనక్కూ జరుపుతున్నాడు. మార్లిస్‌ని చూడగానే ఇద్దరూ మాట ఆపారు. ట్రూడీ గబుక్కున దిగి, బ్రేకులు కొంచెం బిగుతుగా ఉన్నాయి అని చెప్పి వెళ్ళిపోయింది. ట్రూడీ పొట్టిది. మార్లిస్ కూడా పొట్టిదే అన్న సంగతి ఆ క్షణంలో మార్లిస్‌కే గుర్తు రాలేదు. అనుమానం పట్టినవాళ్ళు అద్దంలో తమని తాము చూసుకోవడం మానేస్తారు.

అప్పటినుంచి ఆమె కళ్ళు ట్రూడీ మీదే. శుక్రవారం సాయంత్రం ఊరంతా సారాయి దుకాణం వెనక హాల్లో వేపిన చేప తినడానికి చేరుతుంది. వెండెల్ తన పళ్ళెం మీద ఉప్పు చల్లుకోబోతే, ఎదురుగా కూర్చున్న ట్రూడీ మాట్లాడుతూ మాట్లాడుతూనే ఉప్పు సీసా తీసి అవతలి బల్ల మీద పెట్టేసింది. వెండెల్ చప్పుడు చేయకుండా చప్పిడి చేప తిన్నాడు. నలభై ఏళ్ళుగా ఉప్పెక్కువ తినొద్దని మార్లిస్ మొత్తుకుంటే ఏనాడూ వినని మనిషి! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ముద్దు పెట్టుకుంటూ దొరికినా అంత మండేది కాదేమో.

ఇంటికి వచ్చాక గిన్నెలు ఎత్తేసి, అడగాల్సింది అడగలేక, నీకు చేప నచ్చలేదా అని మాత్రం అడిగింది. బాగుంది అన్నాడు. చెయ్యి ఎందుకు రుద్దుకుంటున్నావని అడిగింది. గన్ను పట్టీ పట్టీ లాగుతోంది అన్నాడు. ఆ జవాబు కూడా ఆమె నమ్మలేదు, కానీ దాని వెనక ఉన్నది కూడా ట్రూడీయే అనుకుంది. ఆ రాత్రి దుప్పటి తన వైపుకి లాక్కుని పడుకుంది.

విమానాలు పరీక్షించే ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, సంతకం పెట్టి వెళ్ళాడు. మొదటిసారి పైకి లేపే రోజు నిర్ణయించారు. మొదటిసారి విమానంలో ఒక్కరే ఉండాలి. అది నియమం కూడా, పంతం కూడా. కట్టినవాడే ఎగరాలి, పక్కన ఎవరూ ఉండకూడదు. మైదానం మీద గుండ్రంగా తిరిగి దిగాలి.

ఆ శనివారం అందరూ వచ్చారు. మడత కుర్చీలు వేశారు. ఎవరో డోనట్ల పెట్టె తెచ్చారు. ఊరి వలంటీర్ల మంటలార్పే బండిని ఎల్డన్ స్వయంగా తోలుకొచ్చి రన్‌వే పక్కన నిలిపాడు. కొత్త విమానం మొదటిసారి లేచేటప్పుడు ఆ బండి ఉండాలి, దాని వంక ఎవరూ చూడకూడదు, అదీ పద్ధతి. అతనితో పాటు బండిలో వచ్చిన ఇద్దరూ డోనట్లు తింటూ దాని వంక చూడకుండా కూర్చున్నారు.

విమానం ఎండలోకి తోశారు. వెండెల్ జాకెట్ వేసుకోవడానికి లోపలికి వెళ్ళాడు. మార్లిస్ చేతిలో పాత తువ్వాలు ఉంది. మొగుడు ఎగరబోయే రోజు కూడా అతని మీద కోపం తగ్గలేదు, అయినా మంచు తడి ఉన్న రెక్కతో పంపడానికి మనసొప్పలేదు. పైభాగం తుడిచింది. తర్వాత చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని ఎడమ రెక్క కిందికి దూరింది. రెక్క అడుగు భాగం ఇంతకు ముందు ఆమెకు అందలేదు. షెడ్డులో అది అడుగు కిందికి ఉండేలా చెక్క స్టాండు మీద ఆనించి ఉండేది, బిగించాక ఎవరూ కిందికి దూరలేదు. ఇప్పుడు తుడుస్తూ, అలవాటు కొద్దీ కణుపుతో తడుతూ వెళ్ళింది. అన్నీ మూగవే. రివెట్లు కొట్టడం మొదలుపెట్టే చోట, విమానం ఒంటికి రెక్క అతుక్కునే దగ్గర, ఒకటి మాట్లాడింది.

ముందు దిమ్మ నేల మీద పడిన చప్పుడు. తర్వాత ట్రూడీ గొంతు.

"వెండెల్. వెండెల్, ఇటు చూడు. చెయ్యి లాగుతోందా? కూర్చో, కింద కూర్చో."

"ఏం కాదు. ఇలాగే వస్తుంది, పోతుంది." వెండెల్ గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి? మార్లిస్‌కి తెలుసా?"

"తెలియదు. నువ్వు చెప్పకు. డాక్టరుకి చెబితే లైసెన్సు పీకేస్తాడు, మార్లిస్‌కి చెబితే గన్ను లాక్కుంటుంది. ఒక్కసారి నేను పైకి తీసుకెళ్ళి దింపుతాను ట్రూడీ. ఆ తర్వాత మార్లిస్‌కి నడపడం నువ్వు నేర్పు. కుడివైపు అన్నీ పెడతాను, దాని కాళ్ళు అందేలా. గాల్లో నేను ఒరిగిపోయినా అది మాత్రం కిందికి దిగాలి."

తర్వాత ట్రూడీ ముక్కు చీదుకోవడం, వెండెల్ దిమ్మ ఇటివ్వు, ఇకపై ఈ రెక్క దగ్గర ఒక్క మాటా వద్దు అనడం. అక్కడితో ఆగింది.

మార్లిస్ ఆ పలక మీద అలాగే పడుకుని ఉండిపోయింది. నెలల తరబడి ఒక ఆడదాని మీద పెంచుకున్న మంట ఒక్కసారిగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గు వేసింది. ఆ సిగ్గుని తోసుకుని భయం వచ్చింది. ఇవాళ ఆ సీట్లో పక్కన ఎవరూ ఉండరు. కుడివైపు బ్రేకులూ పిడీ మీటలూ అన్నీ ఉంటాయి, తొక్కే కాళ్ళు ఉండవు.

వెళ్ళి చెబితే? నేనే ఒంటరిగా చేశానని కళ్ళలోకి చూడకుండా చెప్పిన మనిషి, ఇప్పుడు మాత్రం ఒప్పుకుంటాడా? అదేం లేదే, అప్పుడెప్పుడో, డాక్టరు బాగుందన్నాడు అంటాడు. ట్రూడీ నోరు విప్పదు, ఎల్డన్ కాఫీలోకి చూస్తాడు. ఈ మైదానంలో తను నమ్మదగ్గ మనిషి ఒక్కరూ లేరు అనుకుంది. వీళ్ళందరికంటే ఈ రివెట్ నయం.

షెడ్డులోంచి డ్రిల్లు తెచ్చుకుంది. ఇంకొకరు కొట్టిన రివెట్‌ని అడక్కుండా డ్రిల్లు పెట్టి తీయడం అక్కడ ఎవరూ చేయని పని. కుక్కను కొట్టినా క్షమిస్తారు గానీ దాన్ని క్షమించరు. తీసిన రివెట్‌లోని మాట పెద్దగా, అందరికీ వినపడేలా బయటికి వచ్చి గాల్లో కలిసిపోతుంది, మళ్ళీ ఎప్పటికీ దొరకదు. డ్రిల్లు చప్పుడుకి కాఫీ కప్పులన్నీ ఇటు తిరిగాయి. పాస్టరు గారు, అమ్మా వద్దు అని లేవబోయారు. అప్పటికే రివెట్ తల ఊడిపోయింది.

దిమ్మ పడిన చప్పుడుతో మొదలై, గాల్లో నేను ఒరిగిపోయినా అన్న మాట దాకా, ప్రతి ముక్కా మైదానం మీద స్పష్టంగా వినిపించింది. జాకెట్ జిప్పు లాక్కుంటూ బయటికి వచ్చిన వెండెల్ తన గొంతు తనే విన్నాడు.

ఒక్క రివెట్ లేకపోతే రెక్క ఊడిపోదు. కానీ రంధ్రమున్న రెక్కతో మొదటిసారి పైకి వెళ్ళేవాణ్ణి ఆ మైదానంలో ఎవరూ వెళ్ళనివ్వరు.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నాడు వెండెల్. అతని ముఖం పాలిపోయింది.

"తెలుసు. నీ రెక్కకి చిల్లు పెట్టాను" అంది మార్లిస్. "డాక్టరు చెప్పాక పూడ్చుదాం."

"అందరి ముందూనా?"

"అందరికీ ముందే తెలుసు. తెలియంది నాకొక్కదానికే."

ఎల్డన్ చూపు కప్పులోకి దించుకున్నాడు. ట్రూడీ ఏడుపు ఆపుకుంటూ, చాలాసార్లు చెబుదామనుకున్నాను మార్లిస్ అంది. మార్లిస్ ఆమె వైపు చూడలేదు. చూస్తే క్షమించాల్సి వస్తుంది, దానికింకా సమయం రాలేదు. వెండెల్ ఒక మడత కుర్చీ లాక్కుని, పెళ్ళాం వైపు వీపు పెట్టి, ఖాళీ రన్‌వే వైపు తిరిగి కూర్చున్నాడు. ఎవరో అతని చేతిలో కాఫీ పెట్టారు. జనం డోనట్ల పెట్టె మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. ఎల్డన్ బండి ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు, ఇంక ఇక్కడ పనేముందన్నట్టు.

వెండెల్ చేతిలో కప్పు ఒరిగింది. కాఫీ అతని పంట్లాం మీద పడింది, అతను తుడుచుకోలేదు. మొదట చూసింది మార్లిసే. ఆ వీపు మీద ఆమె కన్ను పడని క్షణం లేదు ఆ పొద్దున. ఆమె పేరు పెట్టి పిలిచేలోపు అతను పక్కకు కూలిపోయాడు.

కాలిపోతున్న విమానంలోంచి మనిషిని లాగడానికి వచ్చిన బండి అది. గుండెకు షాకిచ్చే పెట్టె అందులో ఉంది, వాడటం తెలిసిన ఇద్దరు డోనట్ల చక్కెర అంటిన చేతులతో పరిగెత్తుకొచ్చారు. అనుకున్నట్టు ఎగిరుంటే, సరిగ్గా ఆ వేళకి వెండెల్ ఈ మైదానం పైన గాల్లో ఒంటరిగా గుండ్రాలు తిరుగుతుండేవాడు. ఆ మాట ఎల్డన్ ఒక్కడే పైకన్నాడు, అని వెంటనే టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు.

జిల్లా ఆసుపత్రిలో ఎదురొమ్ము ఎముక కోసి ఆపరేషన్ చేశారు. బయట బెంచీ మీద ఒక చివర మార్లిస్, ఇంకో చివర ట్రూడీ. సాయంత్రానికి మార్లిస్ తన శాండ్‌విచ్ సగం తుంచి, చెయ్యి చాపి ట్రూడీ ఒళ్ళో పెట్టింది. ట్రూడీ తింది.

సర్జను వచ్చి అంతా బాగా జరిగిందన్నాడు, కళ్ళలోకి చూసే చెప్పాడు. మార్లిస్ తలూపింది గానీ నమ్మలేదు. ఈమధ్య ఆమెతో బాగుందని చెప్పినవాళ్ళెవరూ నిజం చెప్పలేదు. నర్సుని అడిగితే, ఎముకను స్టీలు తీగతో మెలిపెట్టి బిగించాం, ఇంక భయం లేదమ్మా అంది. అది కూడా నమ్మలేదు. మూడో రోజో నాలుగో రోజో, గొట్టాలు తీసేశాక, వెండెల్ కళ్ళు తెరిచి, నేను బాగానే ఉన్నాను అన్నాడు. దాన్నైతే అసలు చెవిన పెట్టలేదు.

నర్సు బయటికి వెళ్ళాక, మార్లిస్ అతని గౌను కొంచెం పక్కకు జరిపి, కట్టు పక్కన చర్మం మీద వేలి కణుపుతో మెల్లగా తట్టింది. చెవి అక్కడ ఆనించింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు వెండెల్, పీలగా.

"మాట్లాడకు. తీగ ఏమంటుందో విననీ."

ఆ తీగను మెలిపెట్టేటప్పుడు ఆ గదిలో ఏమనుకున్నారో వినాలి. కష్టమే అనుకున్నారా, ఇంక మన చేతుల్లో లేదనుకున్నారా, భార్యకి ఎలా చెప్పాలి అనుకున్నారా.

సర్జను గొంతు వినిపించింది. తీరిగ్గా, నవ్వుతూ, ఎవరికో చెబుతున్నాడు. పొద్దున్నే సరస్సుకి వెళ్ళాడట. ఇంత పెద్ద చేప పడిందట. పడవ అంచు దాకా లాగాక, వల అందుకునే లోపల, తెంపుకుని పోయిందట. ఎవరో ఆడమనిషి, నీ చేపలన్నీ అలాగే పోతాయి కదా డాక్టర్ అంది. గదంతా నవ్వింది.

మార్లిస్ చెవి అక్కడే ఆనించి ఉంచింది. చేతి కింద ఉన్న మనిషి చచ్చిపోతాడన్న భయం ఉంటే ఎవరూ చేపల గురించి మాట్లాడరు. శరత్కాలం నుంచి తనకి ఎన్నో జవాబులు చెప్పారు అందరూ, తను వింటుందని తెలియక చెప్పిన మంచి మాట ఇదొక్కటే. ఆమె భుజాలు వణకడం మొదలుపెట్టాయి.

"ఏమంటోంది?" అన్నాడు వెండెల్. అతనికి భయం వేసింది.

"చేప తప్పించుకుందట" అంది మార్లిస్, అతని గౌను తడిపేస్తూ.